నునుపు ఎనిమిది

దిగిన ముప్పై ఒకటో ఏడు, 212వ రోజు. మొదటి షిఫ్టు.

ఈ పుస్తకం చేత్తోనే రాయాలి, అదీ సిరాతో. తెర మీద రాసింది ఎవరైనా మార్చగలరని పాతవాళ్ళు పెట్టిన నియమం ఇది. వాళ్ళు కూడా నాలాంటి అనుమానపు మనుషులే అయ్యుంటారు. నా పేరు మధునమ్మ. ఈ బొగ్గుబాయిలోని నాలుగు వందల ఓలెడ్ తెరలు సర్దేది నేనే. పైన ఎండ మనుషుల్ని బతకనివ్వని రోజుల్లో, బొగ్గంతా తవ్వేసి వదిలేసిన ఈ సొరంగాల్లోకి మా పెద్దలు సంసారాలతో దిగారు. ఇక్కడ కిటికీలు లేవు, ఇంటికొక తెర ఉంది. పైన స్తంభానికి కట్టిన కెమెరా మెల్లగా తిరుగుతూ గోదారినీ ఆకాశాన్నీ చూపిస్తుంది. ఆ తెరనే మేం కిటికీ అంటాం.

ఈ పూట ఫిర్యాదులు మూడు. రెండు మామూలువే. మూడోది పక్కింటి లసుమక్కది. తెర మూలన గంటల అంకె ఏళ్ళ తరబడి ఒకేచోట వెలిగి మచ్చ కట్టింది.

"ఆకాశంల గీ మచ్చేంది చెల్లె? మబ్బు పోయినా ఇది పోతలేదు," అంది.

"తెర ముసల్దైంది అక్కా. ఆ చుక్కలు అరిగినయ్. కొత్తది వచ్చేదాక ఓర్సుకో."

తల ఊపింది. నాతో బాగానే మాట్లాడుతుంది. మా ఇంటాయన ఓదెలు ఎదురొస్తే మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరుగుతుంది. ఎనిమిది నెలల కిందట, ఇళ్ళు లేని ఐదో లెవల్లో కప్పు కూలి పనికి పోయిన ముగ్గురు చనిపోయారు. అందులో లసుమక్క పెనిమిటి మొగిలి ఒకడు. ఆ రోజుల్లో కాపలా గదిలో ఐదో లెవల్ తెర చూసే పని ఓదెలు ఒక్కడిదే.

కప్పు రాలకుండా కూలదు. ఇది ఈ బాయిలో పసిపిల్లకు కూడా తెలుసు. ముందు కొన్ని రోజులు దుమ్ము రాలుతుంది, తర్వాత బెడ్డలు, ఆఖరుకు బండ. ఆ రాలుడు తెర మీద కనిపెట్టి గంట కొట్టడమే కాపలాదారు పని. ఓదెలు గంట కొట్టలేదు. కొట్టలేదంటే చూడలేదు. చూడలేదంటే నిద్రపోయాడు. విచారణ ఈ మూడు మాటల్లో ముగిసింది, కొలువు ఊడింది. రోజుల తరబడి కెమెరా బొమ్మలు దాచుకునే చోటు మాకు లేదు కాబట్టి తిప్పి చూసుకునే వీలు కూడా లేకపోయింది.

"కండ్లు ఆర్పకుండ చూసిన. ఏం రాలలే," అని ఆ రోజు నుంచీ చెప్తున్నాడు. నేను ఊఁ కొడుతున్నాను. మనిషన్నవాడు నిద్రపోతాడు, తప్పు ఒప్పుకోవచ్చు కదా అని మాత్రం లోపల అనుకుంటూనే ఉన్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పుస్తకంలో రాయడం ఇదే మొదటిసారి.

214వ రోజు. మొదటి షిఫ్టు.

పప్పులో దుమ్ము. మా లెవల్ ఏడోది, అన్నిటికంటే అడుగున ఉన్నది. అరవై మూడు సంసారాలం. గిన్నె మీద మూత పెట్టి మూడు నిమిషాలు పక్కకు వెళ్ళొస్తే మూత మీద నల్లటి పొర ఉంది. గాలి గొట్టం జాలీ పాడై ఉంటుందని దాన్ని విప్పి చూశాను. బాగానే ఉంది.

ఓదెలు మాత్రం ఇనుప కడ్డీ పట్టుకుని కప్పు తడుతూ తిరుగుతున్నాడు. పూర్వం బొగ్గు తవ్వేవాళ్ళు అలా తట్టి చెవితో వినేవారట. గట్టి కప్పు ఖంగుమంటుందట, పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుందట. తెరలు వచ్చాక ఆ పని ఎవరికీ పట్టలేదు. ఇతనికి కొలువు పోయాక పట్టింది. పిల్లలు కట్టెపుల్లలతో గోడలు తడుతూ వెంట పడుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నల్లా కాడికెల్లి బడి దాక డొల్లగ పలుకుతాంది మధునా. మంచిగ లేదు," అన్నాడు, అన్నం ముందు కూచుని.

"నువ్వు తడుతానవు, అది రాలుతాంది. నా పప్పుల మన్ను పోసింది నువ్వే. కడ్డీ బయట పడేసి కూసో."

"తడితే గింత దుమ్ము రాలుతదా? నీకు గూడ నా మాటంటే లెక్క లేదు."

"తెరల ఏం కనపడ్తలేదు కదయ్యా!"

అంతే, కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పుడు నాకో పాపపు ఆలోచన వచ్చింది. ఇంకోసారి కప్పు కూలితే, ఇతను ముందే చెప్పాడని పేరు వస్తుంది. పోయిన పరువు తిరిగొస్తుంది. అందుకే లేని డొల్ల వినిపిస్తోందా ఈ మనిషికి? నా బుద్ధికి నాకే సిగ్గేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

217వ రోజు. రెండో షిఫ్టు.

మూడు రోజులుగా కూజా మీద, పక్కల మీద, జుట్టులో అంతా దుమ్మే. ఓదెలు మూడు రోజులుగా కడ్డీ ముట్టుకోలేదు, అలిగి కూచున్నాడు. అయినా రాలుతోంది. నా మొదటి అనుమానం చచ్చింది. దానికి బదులు రెండోది పుట్టింది.

కాపలా గదికి వెళ్ళాను. అక్కడి అధికారి పురుషోత్తం సార్. మామూలుగా నన్ను గడప దగ్గరే నిలబెట్టే మనిషి ఈ రోజు కుర్చీ జరిపి టీ పోశాడు. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. టీ పక్కన పెట్టేశాను.

"ఏడో లెవల్ తెర చూడాలె సార్. ఇండ్లల్ల దుమ్ము పడుతాంది."

"చూడు మధునమ్మా, ఎంత సేపన్న చూడు. అద్దం లెక్క ఉన్నది."

నిజంగానే అద్దంలా ఉంది. నల్లా, బడి తలుపు, మా ఇంటి ముందు ఆరేసిన చీర. కప్పు నల్లగా, కాటుకలా ఉంది. పావుగంట చూశాను, ఒక్క నలుసు రాలలేదు. ఆ శుభ్రమే నాకు నచ్చలేదు. అదే లెవల్లో నా పప్పు మీద మన్ను పడుతోంది, ఇక్కడ గాలి కడిగినట్టుంది. ఒకటి అబద్ధమై తీరాలి. నా పప్పు అబద్ధం చెప్పదు.

"గిది ఇప్పటి బొమ్మేనా సార్?"

"అంటే?" టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం లేదు సార్. అడిగిన."

ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. కప్పు చెడిందని తేలితే దానికి ఆసరాగా దిమ్మెలు పాతాలి, పై అధికారులు వచ్చి అడుగుతారు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావంటారు. ఎప్పటిదో పాత బొమ్మ ఒకటి తిప్పితిప్పి వేసుకుంటే ఏ గోలా ఉండదు. కంచే చేను మేసినట్టు కాపలా గదే కళ్ళు కప్పుతుంటే ఇక చెప్పేదెవరికి? ఓదెలుకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే కడ్డీ పట్టుకుని పురుషోత్తం మీదికే పోతాడు.

218వ రోజు. మొదటి షిఫ్టు.

పరీక్ష తెర చంకన పెట్టుకుని ఏడో లెవల్ కెమెరా కిందికి వెళ్ళాను. కాపలా గది తెర మీది బొమ్మను సర్దుబాటు కోసం వెనక్కి పంపే తీగకు దాన్ని తగిలించాను. అక్కడ పురుషోత్తం చూసేదే ఇక్కడ నేనూ చూస్తాను. కెమెరా ముందు చెయ్యి అడ్డం పెట్టాను. తెర మీద నా చెయ్యి వచ్చింది, గాజులతో సహా. పాత బొమ్మ కాదు, ఇప్పటిదే. ఛీ, అనవసరంగా మనిషిని అనుమానించానని చెయ్యి విదిలించాను.

విదిలించినప్పుడు చూశాను. తెరలో నా వేళ్ళు మాయమయ్యాయి. చెయ్యి ఆగాక మళ్ళీ మొలిచాయి. ఊపినంత సేపూ చేతి చుట్టూ నీళ్ళు కదిలినట్టు ఒక అంచు ఉంది.

ఈ రోగం నాకు తెలుసు. రోజూ నేనే పెడతాను, నేనే తీస్తాను. కెమెరా సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు పంపుతుంది. పాత రకం తెరల్లో ఒక బొమ్మ పూర్తిగా పోకముందే ఇంకోటి వచ్చేది, ఆ మసకలో లోపం దాగేది. ఓలెడ్‌లో చుక్క తృటిలో మారిపోతుంది. నలుపు నలుపుగా ఉంటుంది, అంచు అంచుగా ఉంటుంది, కెమెరా తిరిగితే మాత్రం బొమ్మ అడుగడుగునా తడబడుతుంది. 'ఆకాశం కుంటుతాంది' అని జనం నా ప్రాణం తీస్తారు. అందుకు మందు, మెనూలో 'కదలిక నునుపు' అని ఉంటుంది, సున్నా నుంచి పది దాకా. అది పెడితే రెండు బొమ్మల మధ్య తెరే తనంతట తను మూడు బొమ్మలు ఊహించి కలుపుతుంది. ఆకాశం వెన్నలా జారుతుంది. ఊహకు అందని వేళ్ళను మింగేస్తుంది. ఒక్క బొమ్మలో కనిపించి తర్వాతి బొమ్మలో అదే చోట లేని నలుసును మురికి అనుకుని తుడిచేస్తుంది.

నలుసును తుడిచేస్తుంది. ఈ మాట నా నోటితో నేనే అని, నేనే నిలబడిపోయాను.

నేల మీద పేరుకున్న దుమ్ము గుప్పిట నిండా తీసుకుని కెమెరా ముందు విసిరాను. కళ్ళ ముందు పొగలా దిగింది, నా ముఖమంతా నల్లబడింది. తెరలో ఏమీ రాలలేదు. మా ఇల్లు, చీర, శుభ్రమైన గాలి. ఇంకో గుప్పెడు విసిరాను. మళ్ళీ ఏమీ లేదు. అక్కడే నేల మీద కూచున్నాను.

కాసేపటికి భయం పోయి కోపం వచ్చింది. కాపలా తెరకు నునుపు పెట్టింది ఎవడు? ఇంకెవరు, చల్లగా కుర్చీలో కూచుని కంటికి ఇంపైన బొమ్మ కోరుకునేవాడే. పురుషోత్తం చొక్కా పట్టుకుని అడగాలి. ఉత్త నోటితో పోతే బుకాయిస్తాడు. ఏ తెరకు ఏ అంకె ఎప్పుడు పెట్టారో సర్దుబాటు పుస్తకంలో ఉంటుంది. అది పట్టుకునే పోతాను.

218వ రోజు. అదే షిఫ్టు, ఆఖరు గంట.

పుస్తకం దొరికింది. ముప్పయ్యో ఏడు, 318వ రోజు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

'కాపలా గది తెరలన్నిటికీ నునుపు ఎనిమిది. కారణం, కాపలాదారుకు కళ్ళ మంట.'

దస్తూరి నాది.

గుర్తొచ్చింది. ఓదెలు ఎనిమిది గంటలు చీకటి బొమ్మల్లో గింజల్లా మెదిలే చుక్కలు చూసి చూసి ఇంటికొచ్చేవాడు, కళ్ళు ఎర్రగా మిరపపండ్లలా ఉండేవి. తడిగుడ్డ వేసేదాన్ని. ఒకరోజు మనసు ఆగక, ఎవరినీ అడగక, ఇళ్ళ తెరలకు పెట్టే అంకెనే కాపలా గదికీ పెట్టాను. ఆ పొద్దు ఇంటికొచ్చి, "ఇయ్యాళ కండ్లకు హాయిగున్నది మధునా," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

పంతొమ్మిది రోజులకు ఐదో లెవల్ కూలింది.

అతను కళ్ళు ఆర్పకుండానే చూశాడు. రాలింది. అతనికి కనిపించకుండా తుడిచింది నేను. ముగ్గురు పోయారు. లోకాన్నంతా అనుమానించాను, దుమ్మును, గొట్టాన్ని, కట్టుకున్నవాణ్ణి, పక్కవాణ్ణి. నా చేతి పనిని ఒక్కనాడూ అనుమానించలేదు. తన కంపు తనకింపు అంటే ఇదే.

ఈ కాగితం చించేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చిందని రాస్తున్నాను.

219వ రోజు. మొదటి షిఫ్టు.

పొద్దున్నే కాపలా గదికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా ఏడో లెవల్ తెరకు నునుపు సున్నా పెట్టాను. నా తప్పు బయటపడకుండా పని జరిగితే చాలనే అనుకున్నాను, ఇక్కడ దాచడమెందుకు. బొమ్మ ఒక్కసారిగా గరుకైంది. చీకట్లో చుక్కలు మెదిలాయి. ఆ చుక్కల మధ్య, నల్లా పైనా బడి పైనా కప్పు నుంచి దుమ్ము సన్నగా, ఆగకుండా రాలుతోంది. అప్పుడప్పుడూ ఒక బెడ్డ.

"ఏందిది? తెర ఖరాబు చేసినవ్," అన్నాడు పురుషోత్తం. "మొన్నటి లెక్కనే పెట్టు."

"గిదే నిజం సార్. కప్పు రాలుతాంది. గంట కొట్టుండ్రి."

"ఎనిమిది నెలలు మంచిగున్న బొమ్మ నువ్వు ముట్టుకోంగనే పాడైతే, నిజమంటవా? పెట్టు ముందుగల."

అతని తప్పేముంది? గరుకు బొమ్మను రోగమని, నున్నటి బొమ్మను ఆరోగ్యమని ఈ బాయికంతా నేర్పింది నేనే. ఇక నోరు విప్పక తప్పలేదు. సర్దుబాటు పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాను. చదివాడు, మళ్ళీ చదివాడు.

"అంటే ఐదో లెవల్..."

"అవును సార్. ఓదెలు నిద్రపోలే. నేనే."

పుస్తకం మూసేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "విచారణ కాయిదం మీద సంతకం నాది. ఇది పైకి రాయాలె. జవాబు వచ్చినంక గంట కొడుదాం. రెండు రోజులు."

"కప్పు రెండు రోజులు ఆగుతదా?"

"జవాబు రాకుంట అరవై మూడు ఇండ్లు లేపి, ఏం గాకపోతే? అప్పుడు నన్నేమంటరు?"

ఇతనూ భయపడే మనిషే, దొంగ కాదు. కానీ భయంతో బండ ఆగదు. తిరిగి వచ్చి మా లెవల్లోనే ఉన్న తెరల గదిలో గొళ్ళెం పెట్టుకున్నాను. అన్ని ఇళ్ళ కిటికీలకూ ఆకాశం పంపే తీగ ఒకటే. దాన్ని పీకి ఏడో లెవల్ కెమెరా తగిలించాను. నాలుగు వందల తెరలకూ నునుపు సున్నా. గోదారి పోయింది, ఆకాశం పోయింది. ప్రతి ఇంటి గోడ మీదా మా కప్పు రాలడం మొదలైంది.

నిమిషంలో తలుపులు బాదారు. "మా ఆకాశం ఏది?" అని తిట్లు, శాపనార్థాలు. తలుపు తీసి, తెర చూడండని, గిన్నెల మూతలు చూసుకోండని అరిచాను. నునుపు సంగతి, మూడు ముక్కల్లో, దాచకుండా చెప్పాను. జనం నా మాట నమ్మారో లేదో నాకు తెలియదు. లసుమక్క మాత్రం వేలితో తన జుట్టు తాకింది, వేలు చూసుకుంది. ఓదెలు ఉన్న అరుగు దగ్గరికి నడిచింది. ఎనిమిది నెలల తర్వాత అతని ముఖంలోకి చూసింది.

"కడ్డీ తీస్కో అన్నా. తట్టు. నేను వింట," అంది.

అతను తట్టాడు. నల్లా దగ్గర, బడి దగ్గర, మా ఇంటి ముందు. జనం గప్‌చుప్‌గా నిలబడి విన్నారు. డొల్ల అంటే ఎలా పలుకుతుందో ఆ రోజు ఏడో లెవల్ పిల్లలందరికీ తెలిసింది. పైకి లాగే ఇనుప బోనెక్కి అందరూ నాలుగో లెవల్ చేరేసరికి రెండో షిఫ్టు సగం గడిచింది. గంట ఎవరూ కొట్టలేదు.

220వ రోజు. రెండో షిఫ్టు.

మధ్యాహ్నం రెండు దాటాక ఏడో లెవల్ కూలింది. నల్లా నుంచి బడి దాకా. నాలుగో లెవల్లో ఉన్న మాకు కాళ్ళ కింద నేల కదిలింది. తర్వాత పేర్లు పిలిచారు. రెండు వందల పదకొండు మందిమి. పలికినవాళ్ళు రెండు వందల పదకొండు. ఓదెలే రెండుసార్లు లెక్కపెట్టాడు. నేను నాలుగో లెవల్ బడి మెట్ల మీద కూచుని గట్టిగా ఏడ్చేశాను. ఎవరూ ఓదార్చలేదు, ఎవరైనా రావాలని నేనూ అనుకోలేదు.

221వ రోజు. మొదటి షిఫ్టు.

పంచాయతీ కూచుంది. ఐదో లెవల్ కాగితం మీద 'కాపలాదారు నిద్ర' అన్న మాట కొట్టేసి, పక్కన నా పేరు నేనే రాశాను. పురుషోత్తం కింద సంతకం పెట్టాడు. రేపటి నుంచి తెరల పనికి ఇంకొకరు వస్తారు. లసుమక్క నా దగ్గరికొచ్చి ఏదో అనబోయింది. "ఇయ్యాళ నాతోని గాదు చెల్లె," అని వెళ్ళిపోయింది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఓదెలు పంచాయతీ అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరూ పోయాక దగ్గరికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను.

"నీ కండ్ల మంట చూడలేకనే చేసినయ్యా," అన్నాను.

"తెల్సు. దానికి నిన్నేమంట? ప్రేమతోని, పావురంతోని చేసినవ్, తెల్వక చేసినవ్." నా వైపు చూడలేదు. "అప్పటి విచారణల పెద్దమనుసులు నేను నిద్రపోయిననన్నరు. నమ్మకపోతే మానె, వాళ్ళు బయటోల్లు. నువ్వు నా పక్కల పండుకునేదానివి. ఎనిమిది నెలలు చెప్పిన. ఒక్కసారన్న నమ్మినవా?"

అబద్ధం చెప్పవచ్చు. నమ్మానని అంటే ఇంటికొచ్చేవాడే.

"లేదు," అన్నాను.

పక్కబట్ట చంకన పెట్టుకుని దిమ్మెల పనివాళ్ళ గదికి వెళ్ళిపోయాడు. అన్నం వేళకు గిన్నె పట్టుకుని వెళ్ళాను. తలుపు కొట్టాను, పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. అలసిపోయాడు, నిద్రపోయి ఉంటాడు, పొద్దుగూకినాక రమ్మని బయట కూచున్న పనివాడు అన్నాడు.

లేదు, మేలుకునే ఉన్నాడు. గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేశాను.